పోనీ... అనేముందు

పొద్దున కాఫీ డికాక్షన్ దిగిన దగ్గర్నుంచి రాత్రి వీధి తలుపు గడియ పెట్టేదాకా మన ఇళ్ళలో 'పోనీ' అన్న మాట వినపడని పూట ఉంటుందా చెప్పండి? కూరలో ఉప్పులాగా అన్నిట్లోనూ పడుతుంది. పాలు పొంగిపోతే "పోనీలే". పనిమనిషి రాకపోతే "పోనీ, నేనే తోమేస్తాను". పిల్లాడికి మార్కులు తగ్గితే "పోనీ, పాసయ్యాడు కదా". ఆయన సినిమాకి రానంటే "పోనీ, మేం వెళ్ళొస్తాం". నాలుగు చోట్లా మాట ఒకటే. అర్థం మాత్రం ఒకటి కాదు. మొదటిది ఓదార్పు. రెండోది ఇంకో దారి. మూడోది ఉన్నదాంట్లో తృప్తి. నాలుగోది, ఆయనకి అర్థమయితే, చిన్న బెదిరింపు!

మా పై వాటాలో కొన్నాళ్ళు ఒక పంజాబీ ఆవిడ అద్దెకుండేది. తెలుగు నేర్చుకోవాలని మహా ఉబలాటం. కొంగున తాళాల గుత్తి వేళ్ళాడినట్టు ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. కొత్త మాట వినపడగానే అర్థం అడిగి రాసుకునేది. 'పోనీ' అంటే ఏమిటని అడిగింది. "వదిలెయ్యడం" అన్నాను. రాసుకుంది. మర్నాడే వచ్చి, "మీరు మీ అబ్బాయితో 'పోనీ ఉప్మా తింటావా' అన్నారు, ఉప్మా వదిలెయ్యమనా?" అంది. "కాదు, అది కాకపోతే ఇది అని" అన్నాను. అదీ రాసుకుంది. ఆ వారంలోనే మూడో అర్థం, నాలుగో అర్థం వచ్చిపడ్డాయి. చివరికి ఆవిడ నవ్వేసి, "ఈ ఒక్క మాటకి ఒక పేజీ అంతా వదిలేశాను" అంది. నెల తిరక్కుండా కూరల బండి దగ్గర ఆవిడ గొంతు వినపడింది. "పోనీ, రెండు కట్టలు ఇరవైకి ఇస్తావా?" ఇంక ఆవిడకి నేను నేర్పవలసిన తెలుగు లేదనుకున్నాను.

అంత చిన్న మాటలో ఇన్ని అర్థాలు ఎక్కడివి? విప్పి చూస్తే చిత్రంగా ఉంటుంది. పాత పుస్తకాల్లో ఇది 'పోనిమ్ము'. అంటే 'పోన్', 'ఇమ్ము' అని రెండు ముక్కలు. పోవడం ఒకటి, ఇవ్వడం ఒకటి. 'పోవడానికి అనుమతి ఇయ్యి' అని అసలు అర్థం. ఇవ్వడానికి మన పాత తెలుగులో 'ఈవి' అనే చక్కటి మాట ఉంది. పోనీలో చివర సాగదీసే ఆ 'ఈ' అదే. రానీ, ఉండనీ, తిననీ, పడుకోనీ అన్నీ దీని అప్పచెల్లెళ్ళే. "వాణ్ణి తిననీ, తర్వాత చెబుదువుగాని" అంటామే, అదే పద్ధతి. 'కానీ' కూడా ఈ కుటుంబంలోదే. "ఊఁ, కానీ కానీ" అని తొందరపెట్టడంలో ఉన్నది అదే. 1957లో నయాపైసలు రాకముందు చెలామణీలో ఉన్న కానీ మాత్రం వేరే సంగతి లెండి!

ఇందులో ఇంకో తమాషా ఉంది. కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్ళలో బయటికి బయల్దేరుతూ "పోతాను" అననివ్వరు. "వెళ్ళొస్తాను" అనాలి. పోవడం అంటే చచ్చిపోవడమనే భయం. తెలంగాణలో, రాయలసీమలో "పోయొస్త", "పోయొస్తా" అని హాయిగా అంటారు, ఎవరికీ ఏమీ కాదు! 'పోతాను' అంటే ఉలిక్కిపడే ఇళ్ళలోనే 'పోనీ' మాత్రం రోజుకి వందసార్లు. దానికి ఏ దోషమూ అంటదు.

ఒక్కో ప్రాంతానికి ఒక్కో పోనీ ఉంది. కృష్ణా, గోదావరి వైపు "పోన్లెండి". ఆ వైపు పెద్దవాళ్ళయితే "పోనిద్దురూ" అని ఒక చెయ్యి ఊపుతారు, దాంతో గొడవ సగం తీరిపోతుంది. తెలంగాణలో "పోనీ తియ్" అంటారు. బతిమాలితే "పోనియ్యరాదు" అంటారు. సీమలో "పోనీలేబ్బా". ఎదుటివాళ్ళ మీద జాలి కలిస్తే "పోనీలే పాపం". సహనం చచ్చిపోతే "పోనీ కదా అని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నాడు". ఏ వైపునుంచి చూసినా పనికిరాని మనిషిని వర్ణించాలంటే "పోనీ చదువా అంటే అదీ లేదు, పోనీ పనా అంటే అదీ రాదు". ఇక్కడ పోనీ ఒక్కొక్క తలుపూ తట్టి చూసి, లోపల ఎవరూ లేరని వచ్చేస్తుంది.

ఈ మధ్య మన ఇళ్ళలోకి ఇంకో పోనీ వచ్చింది. చిన్నపిల్లలున్న ఇళ్ళలో వినే ఉంటారు. "అమ్మమ్మా, నాకు జడ వద్దు, పోనీ వెయ్యి" అంటుంది పిల్ల. "జడ వద్దా? పోనీ ఏం వెయ్యను?" అంటుంది అమ్మమ్మ. "అదే, పోనీ!" "అదేనే, పోనీ ఏమిటీ అంటున్నాను!" ఇద్దరికీ కోపాలొస్తాయి. గుర్రపు తోకలా వెనకాల ఎత్తుగా రబ్బరుబ్యాండు వేసి వదిలేసే పోనీ టెయిల్ అన్నమాట. ఇంగ్లీషువాళ్ళ పోనీ అంటే పొట్టి జాతి గుర్రం. గుర్రప్పిల్ల అనుకుంటారు చాలామంది, కాదు. ఎంత పెద్దదయినా మెడ మొదలు దగ్గర సుమారు 147 సెంటీమీటర్లలోపే ఉంటుంది. మన పాత తెలుగులో దాన్ని తట్టువ అనేవారు. వైష్ణోదేవికి వెళ్ళినవాళ్ళు కాట్రా నుంచి పదమూడు కిలోమీటర్ల దాకా ఉండే ఆ కొండదారిలో "మోకాళ్ళ నొప్పులు, పోనీ ఎక్కేశాం" అని చెబుతారు కదా, ఆ పోనీ. పూర్వం మన ఊళ్ళలో జట్కాబళ్ళకి కట్టేవీ ఇలాంటి పొట్టి గుర్రాలే. బండెక్కి కూర్చుని "పోనీవోయ్" అంటే కదిలేది. బండిని నడపమనడానికీ మనకి ఆ మాటే మరి. మన పోనీ వింటే వాళ్ళ పోనీ పరిగెత్తేది!

నవ్వులాట సరే. అక్షరం తేడాతో అర్థం తలకిందులయ్యే సంగతి ఒకటుంది, అది చూడండి. దీర్ఘం తీసి 'పోని' అని చూడండి. 'ఎంత ఉతికినా పోని మరక.' దీర్ఘం ఉంటే వదిలెయ్యడం, దీర్ఘం తీసేస్తే వదలకపోవడం! పసుపు మరకనే తీసుకుందాం. పోని మరకల్లో అదొకటి. సబ్బు పెట్టి రుద్దామా, ఎర్రగా తిరుగుతుంది, ఇంకా గాభరా పడతాం. సబ్బులో ఉండే క్షారం తగిలి రంగు మారుతుందంతే. చేతనయినంత ఉతికి, తడిగా ఉండగానే ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు అదే వెలిసిపోతుంది. పసుపు రంగుకి ఎండ పడదు. కొన్ని మరకలు చేత్తో రుద్దితే పోవు, వెలుతురులో పెడితే పోతాయి. మనసులో పడినవి కూడా కొన్ని అలాంటివే ఉంటాయనిపిస్తుంది నాకు. లోపల మడతపెట్టి దాచినంతకాలం అలాగే ఉంటాయి.

నిజానికి పోనివ్వడం అంటే ఏమిటో వంటింట్లో ఉన్నవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోనివ్వాలి. కాకరకాయ ముక్కలకి ఉప్పు పట్టించి, పిండి, చేదు కొంత పోనివ్వాలి. బెండకాయ కడిగి, తుడిచి, తడి ఆరాక తరిగి, మూత పెట్టకుండా వేయించి జిగురు పోనివ్వాలి. ఆవకాయకి ముక్కలు తుడిచి ఒక్క చుక్క తడి లేకుండా పోనివ్వాలి. కుక్కరు విజిల్స్ అయ్యాక ఆవిరి దానంతట అది పోనిచ్చి, వెయిటు కాస్త ఎత్తి చూసి, బుస్సుమనకపోతేనే మూత తియ్యాలి. తొందరపడి మధ్యలో లాగామా, మొహం మీదికొస్తుంది. ఇవన్నీ పోనివ్వడాలే. కానీ ఒక్కటీ ఊరికే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. ఏది పోవాలో, ఎంత పోవాలో, ఎప్పటిదాకా ఆగాలో తెలిసి చేసే పని. చేదు పోవాలి గాని కాకరకాయ పోకూడదు కదా!

మరి పొయ్యి దగ్గర ఇంత లెక్క తెలిసిన మనం, మన సొంత విషయానికొచ్చేసరికి ఏం చేస్తున్నాం?

ఆ మధ్య ఒక ఇంట్లో కూర్చున్నప్పుడు వినపడిన మాటలు. వచ్చే నెల వాళ్ళ మరిది పెళ్ళి. ఆ ఇల్లాలు భర్తతో అంటోంది. "నాకొక గద్వాల్ పట్టుచీర తీసుకుందామనుంది." ఆయన పేపరు చదువుతున్నాడు. "మరీ ఎక్కువవుతుందంటారా? పోనీ, వెంకటగిరి తీసుకుంటా." పేపరు తిరగేశాడు. "పోనీ, మంగళగిరి కాటన్ అయితే బాగా తక్కువలో వస్తుంది." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పోనీలెండి, కిందటేడు మా అమ్మ పెట్టిన చీర ఉందిగా. ఫాల్ కుట్టించుకుంటే సరిపోతుంది." అప్పుడు తలెత్తి ఆయన, "ఊఁ, ఏమిటీ?" అన్నాడు.

అయిపోయింది. ఆయన వద్దనలేదు. డబ్బు లేదనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. మూడు మెట్లూ ఈవిడ ఒక్కతే దిగి కిందికొచ్చి నిలబడింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో 'పోనీ'. మీరు నవ్వుకుంటున్నారంటే మీకూ ఈ మెట్లు తెలుసన్నమాట!

పిల్లలూ పోనీ అనే బేరమాడతారు. "ఇంకో గంట ఆడుకుంటా. పోనీ అరగంట. పోనీ పది నిమిషాలు." వాళ్ళు ఆ పది నిమిషాలు దక్కించుకునే లోపలికొస్తారు. కూరలబ్బాయీ అంటాడు. "యాభై అమ్మా. పోనీ నలభై ఐదు. పోనీ నీకోసం నలభై." అక్కడ ఆగుతాడు. ఇంకో రూపాయి తగ్గమంటే బండి తోసుకుని వెళ్ళిపోతాడు. ఎందుకంటే మార్కెట్లో తను ఎంతకి కొన్నాడో, ఎంతకమ్మితే గిట్టుబాటవుతుందో అతనికి తెలుసు. కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తాడు గాని అసలుకి మోసం తెచ్చుకోడు. మన పోనీలకి మాత్రం ఆ గిట్టుబాటు ధర రాసి ఉండదు. ఎక్కడ ఆగాలో తెలియక చిట్టచివరి మెట్టు దాకా వచ్చేస్తాం. చీర సంగతయితే సరే. పెళ్ళితో మధ్యలో ఆగిపోయిన చదువు, ఎప్పుడో ఒకసారి చూడాలనుకున్న ఊరు, ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళడం... ఇవీ అలాగే దిగిపోతున్నాయి. "ఆయాసంగా ఉంది, రేపు చూపించుకుంటా. పోనీ, పండగ వెళ్ళాక. పోనీ, పిల్లల పరీక్షలయ్యాక." ఇలాంటి పోనీ ఎంత దూరం తీసుకెళ్తుందో మీలో కొందరు చూసే ఉంటారు.

అలాగని పోనీ చెడ్డ మాటని నేను అనడంలేదు. ఆ మాట లేకపోతే ఏ సంసారమూ సాగదు. మా అత్తగారి దగ్గర ఒక వెండి కుంకుమభరిణె ఉండేది. పుట్టింటివాళ్ళు పెట్టింది, మూత మీద చిన్న నెమలి. మా ఆడపడుచు పెళ్ళి సందట్లో అది కనపడకుండా పోయింది. ఇల్లంతా వెతికారు. చుట్టాల్లో ఒకావిడ, "ఇంకెవరు, ఆ పనిమనిషే, సంచి చూడండి" అంది. నలుగురూ తలూపారు. ఆ పిల్ల గిన్నెలు కడిగే చోట బిగుసుకుపోయి నిలబడింది. మా అత్తగారు వచ్చి, "వస్తువు నాది. పోతే పోయింది, పోనీ. సంచులు చూసే పని మా ఇంట్లో లేదు" అంది. అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక బీరువా అరలో భరిణె ఉండే ఖాళీచోటుని ఆవిడ చేత్తో తడుముతూండగా చూశాను. బాధ లేక అన్న పోనీ కాదు అది. అది దొరకనే లేదు. ఆ పిల్ల తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో పని చేసింది.

ఆవిడ ఆ మాట అనగలిగింది ఎందుకంటే భరిణె ఆవిడది. ఇందాక చెప్పుకున్నామే, పోవడానికి అనుమతి 'ఇయ్యి' అని. ఇవ్వాలంటే ముందు అది మన చేతిలో ఉండాలి. చేతిలో పట్టుకున్నవాళ్ళే వదలగలరు. పోనీ అనే హక్కు పోగొట్టుకున్న మనిషిది, లేదా దెబ్బ తిన్న మనిషిది. ఇంకొకళ్ళు వాళ్ళ తరఫున అనేస్తే దాని రుచే మారిపోతుంది. మా పక్కింటి పిల్లాడు బంతాట ఆడుతూ మా ఊరగాయ జాడీ పగలగొట్టాడు. నేను నోరు తెరిచేలోపలే వాళ్ళమ్మ, "పోనీలెండి, జాడీయే కదా!" అంది. ఆ మాట అనడానికే నేను నోరు తెరిచాను! నేనంటే అది మంచితనం. ఆవిడ అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

జాడీ విషయంలో ఒళ్ళు మండి ఊరుకుంటాం. కానీ ఇదే జరగకూడని చోట్ల జరుగుతూంటుంది. కాపురానికి వెళ్ళిన పిల్ల వాచిన చెంపతో పుట్టింటికొస్తే, "పోనీలేమ్మా, మగవాడికి కోపం మామూలే, సర్దుకుపో" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పిల్ల కాపురం నిలబడాలనే అంటారు. కానీ దెబ్బ తిన్నది వాళ్ళ చెంప కాదు కదా? గృహహింస నుంచి రక్షణకి 2005లో చట్టం చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమొక్కటే కాదు, మాటలతో హింసించడం, డబ్బివ్వకుండా మాడ్చడం కూడా హింసేనంటుంది ఆ చట్టం. భర్తతో ఉంటున్న ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా ఉండే హక్కూ అందులో ఉంది. సాయం కావాలంటే 181 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. ఆ పిల్ల అన్నీ తెలుసుకుని, ఆలోచించుకుని, తన నోటితో తనే పోనీ అంటే అది వేరు. ముందే మనం అనేస్తే ఆ పిల్లకి ఇంక చోటెక్కడ?

ఇంకొక చోటుంది. అక్కడ దెబ్బ పైకి కనపడదు. పుట్టింటి ఆస్తి. మన అమ్మమ్మల కాలంలో "పోనీలే, పుట్టింటి నుంచి ఒక పసుపుకుంకుమల చీర వస్తే అదే చాలు" అనేవారు. ఎంత పెద్ద మనసో అనుకుంటాం. నిజానికి వాళ్ళ చేతిలో వదలడానికి ఏముంది? 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రికి చెందిన వాటాలో కూతురికి భాగం ఇచ్చింది గాని, తాతతండ్రుల నాటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఇవ్వలేదు. మన దగ్గర ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం 1986లో సవరణ చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఆ హక్కు ఆడపిల్లలకి ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణతో పెళ్ళయినా కాకపోయినా కూతురూ కొడుకూ ఒకటే అయ్యారు. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అని చాలా ఏళ్ళు వాదాలు నడిస్తే, అక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలు మాత్రం కదలవు.

అంటే ఇప్పుడు ఆడపిల్ల పోనీ అంటే నిజంగానే ఏదో వదులుతోందన్నమాట. ఆ సంగతి తెలిసి అంటున్నామా అన్నదే ప్రశ్న.

మా పెద్దమ్మ కూతురి సంగతి చెబుతాను. అక్కకి ఒక అన్నయ్య, ఒక తమ్ముడు. తండ్రి పోయిన ఏడాదికి ఇద్దరూ పళ్ళూ పూలూ చీరా పట్టుకుని వచ్చారు. భోజనాలయ్యాక తమ్ముడు సంచిలోంచి కాగితాలు తీశాడు. హక్కు వదులుకుంటున్నట్టు దస్తావేజు. "నువ్వెలాగూ పోనీలే అంటావని రాయించేశాం అక్కా. రేపు రిజిస్ట్రాఫీసుకొచ్చి ఒక్క సంతకం పెడితే చాలు" అన్నాడు. అక్క నిజంగానే పోనీలే అనే మనిషి. చిన్నప్పుడు తన వంతు జంతికలు కూడా వాళ్ళకే పెట్టేసేది. ఆ రోజు మాత్రం కాగితాలు చేతిలోకి తీసుకుని, "రెండు రోజులు నా దగ్గర ఉంచండిరా, చదువుకుంటాను" అంది. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. "మామీద నమ్మకం లేదా?" అన్నాడు అన్నయ్య. "నమ్మకం లేక కాదు. ఏమిస్తున్నానో తెలియాలి కదా" అంది.

తెలిసిన వకీలు చేత చదివించుకుంది. పొలం ఎంత, ఇల్లెంత, తన వాటాకి ఎంతొస్తుంది అన్నీ కాగితం మీద వేసుకుంది. మూడోరోజు అన్నదమ్ముల్ని పిలిచి చెప్పింది. "ఇంట్లో మీరుంటున్నారు. ఆ ఇల్లు నాకొద్దు, మీకే పోనీ. పొలంలో ఎకరం మాత్రం నా పేర పెట్టండి. కౌలు మీరే చెయ్యండి, ఏడాదికింత నాకివ్వండి." తమ్ముడు, "అదేదో మొన్ననే సంతోషంగా పోనీ అని ఉంటే ఈ గొడవ ఉండేది కాదుగా" అన్నాడు. దానికి అక్క అన్న మాట నేను మర్చిపోలేను. "మొన్న పోనీ అని ఉంటే మీరు తీసుకున్నట్టయ్యేది. ఇవాళ అన్నాను కాబట్టి నేనిచ్చినట్టయింది."

ఆ తర్వాత అంతా బాగుందని చెప్పలేను. ఆ ఏడు సంక్రాంతికి అక్కకి పిలుపు రాలేదు. మరుసటేడు తమ్ముడొచ్చి తీసుకెళ్ళాడు. పెద్ద వదిన ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. "పోనీలే, ఆవిడకీ ఏదో బాధ ఉంటుంది" అంటుంది అక్క. ఈ పోనీలే మాత్రం ఎవరూ రాయించి తెచ్చింది కాదు. కౌలు డబ్బులతో కిందటేడు కంటి ఆపరేషను చేయించుకుంది. ఎవర్నీ అడగలేదు.

అందరూ వాటాలు పంచుకోవాలని నేను చెప్పడం లేదు. ఇష్టపడి అన్నదమ్ములకి వదిలేసినవాళ్ళు హాయిగానే ఉన్నారు, వాళ్ళ పుట్టిళ్ళు కళకళలాడుతున్నాయి. ఇవ్వడంలో ఉన్న సుఖం ఆడవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏమిస్తున్నామో చూసుకుని ఇవ్వమంటున్నానంతే. చూడకుండా వదిలేసింది ఎదుటివాళ్ళకి ఇచ్చినట్టుగా కనపడదు, ఎప్పుడూ తమదే అయినట్టుంటుంది. వాళ్ళకి మన విలువ తెలియదు, మనకి లోపల ఎక్కడో చిన్న మరక ఉండిపోతుంది. దీర్ఘం లేని మరక!

అక్క చేసింది పెద్ద పోరాటమేమీ కాదు. రెండు రోజులు ఆగిందంతే. కుక్కరు మూత తియ్యడానికి మనం రోజూ ఆగడంలేదూ? అలాగే. నోటిదాకా వచ్చిన పోనీని అక్కడే కాసేపు ఆపి, ఇది నాదేనా, నేనే అంటున్నానా, ఎంత వదులుతున్నాను అని చూసుకోవడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టదు.

ఆస్తుల సంగతి ఏనాటికో గాని, చీరల సంగతి వచ్చే పెళ్ళికే వస్తుంది. "నాకు గద్వాల్ చీర తీసుకోవాలనుంది" అనండి. అని, ఆ మొదటి మెట్టు మీదే కాసేపు నిలబడండి. ఆయన పేపరు దించేదాకా ఆగండి. సరే అంటాడేమో, ఎవరు చూశారు? నిజంగానే కుదరదంటే అప్పుడు చూసుకుందాం. పోనీ అనే మాట ఎక్కడికీ పోదు కదా!